ముగ్గులు గీసే మెషీన్: పెన్ ప్లాటర్ ఎంపిక డైరీ

నవంబర్ రెండో వారం

ఇంట్లో బొమ్మలు గీయించడానికి పెన్ ప్లాటర్ ఒకటి కావాలి. అంతవరకు ఖాయం. ఏ మెషీన్ అన్నది తేలాలి. నెట్‌లో చూసినవీ, చేత్తో పరీక్షించినవీ కలగాపులగం అయిపోకుండా ఇక్కడ రాసిపెట్టుకుంటున్నా.

ప్లాటర్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఒక జత మోటార్లు పెన్నును అడ్డంగా, నిలువుగా జరుపుతాయి. ఇంకో చిన్న మోటారు దాన్ని ఎత్తి దించుతుంది. మామూలు ప్రింటర్ రంగు చుక్కలు చల్లితే ఇది అసలైన పెన్ను పట్టుకుని గీత లాగుతుంది. ఇంజినీరింగ్ డ్రాయింగుల కోసం పుట్టిన యంత్రం. క్యాల్‌కాంప్ 565 అనే డ్రమ్ము ప్లాటర్ 1959 నాటిది. 1983లో వచ్చిన హెచ్‌పీ 7475ఎ ఆరు పెన్నులను తనే మార్చుకుంటూ ఎ3 కాగితం దాకా గీసేది. పెద్ద ఇంక్‌జెట్లు వచ్చాక ఆఫీసులు వీటిని వదిలేశాయి, చిత్రకారులు వదల్లేదు. హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డ వేరా మోల్నార్ 1968లో కంప్యూటర్ దగ్గర కూర్చున్నారు. 2023లో 99 ఏళ్ల వయసులో పోయేనాటికి ఈ కళకు ఆవిడ పెద్దదిక్కు.

నాకు గీయాలని ఉన్నవి మూడు. మెలికల ముగ్గులు, ఫొటోలోంచి చుక్కలుగా మార్చిన బొమ్మలు, తెలుగు అక్షరాలు. మెషీన్ల స్పెసిఫికేషన్లు చదివే ముందు ఈ మూడింటినీ లెక్కగట్టాను. గీత మొత్తం ఎంత పొడవు, పెన్ను ఎన్నిసార్లు లేవాలి అన్నవే ఆ లెక్కలు.

ముగ్గు సంగతి తమాషాగా ఉంది. చుక్కలు దీర్ఘచతురస్రంగా పెట్టి, వాటి సందుల్లోంచి ఏటవాలుగా గీత తీసి, అంచు తగిలిన చోటల్లా వెనక్కి తిప్పితే ఎన్ని విడి గీతలు వస్తాయో బళ్లో చదువుకున్న గ.సా.భా. చెప్పేస్తుంది. 7 వరసలు, 5 నిలువులు అయితే గ.సా.భా. 1 కాబట్టి ఒకే గీత అన్ని చుక్కలనూ చుట్టి మొదలైన చోటికే వస్తుంది. 6, 4 అయితే రెండు గీతలు. 6, 6 అయితే ఆరు. చుక్కల మధ్య దూరం 20 మి.మీ. పెట్టుకుంటే 7 బై 5 ముగ్గుకు గీత పొడవు సుమారు రెండు మీటర్లు. సెకనుకు 20 మి.మీ. చొప్పున నెమ్మదిగా లాగినా నిమిషం నలభై సెకన్ల పని, పెన్ను దిగేది ఒక్కసారే. ఇలాంటి లెక్కలు కొత్తేమీ కాదు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లోనే కోలాల (తమిళ ముగ్గుల) మీద కంప్యూటర్ శాస్త్రం పేపరు వేశారు.

కానీ చుక్కలు కూడా గీయాలి కదా. పెద్ద ముగ్గుకు నడి వరసలో 15 చుక్కలు, రెండు వైపులా ఒక్కోటి తగ్గుతూ 8 వరకు సందు చుక్క పెడితే మొత్తం 169. అంటే పెన్ను 169 సార్లు దిగి లేవాలి. ఇక ఫొటో బొమ్మ అయితే ఐదు వేల చుక్కలకు తక్కువ కాదు.

దాంతో నేను మెషీన్లను చూసే తీరు మారింది. అందరూ సైజు, వేగం, స్టెప్పుల సంఖ్య (మి.మీ. దూరానికి మోటారు ఎన్ని చిన్న అడుగులు వేస్తుందో) చూస్తారు. నేను మొదట చూడాల్సింది పెన్ను ఎలా లేస్తుంది, ఎలా దిగుతుంది అన్నది.


నవంబర్ చివర

రెడీమేడ్ వాటిలో అందరూ ముందు చెప్పే పేరు యాక్సిడ్రా. కాలిఫోర్నియాలో ఎవిల్ మ్యాడ్ సైంటిస్ట్ వాళ్లు తయారుచేసేవారు. 2024లో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్యాంటమ్ టూల్స్ ఆ సంస్థను కొని, నెక్స్ట్‌డ్రా పేరుతో కొత్త వరస తెచ్చింది. ఆ డిజైన్‌లో నాకు నచ్చింది ఒకటే. సర్వో, అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటారు, పెన్నును పైకి ఎత్తుతుంది, కిందికి మాత్రం నొక్కదు. సర్వో తప్పుకోగానే పెన్ను తన బరువుతో తనే జారి కాగితం మీద ఆగుతుంది. బల్ల కొంచెం ఎత్తుపల్లాలుగా ఉన్నా, కాగితం ముడత పడ్డా పెన్ను సర్దుకుపోతుంది. పెన్ను 45 డిగ్రీలు వాల్చి పట్టే వీలు కూడా ఉండటంతో ఇంకు పెన్నులు నడుస్తాయి. ధర, కొరియరు, కస్టమ్స్, జీఎస్టీ అన్నీ కలిపి చూశాక ఆ పేజీ మూసేశాను. పని ఆగకూడదనుకునే స్టూడియోకైతే అదే కొనమంటాను. సెలవు రోజు సరదాకి అంత పెట్టలేను.

చైనా నుంచి ఐడ్రా లాంటివి కొంత చవగ్గా వస్తాయి. బెల్టు అమరిక ఇంచుమించు అదే. పార్టు పోతే ఎవర్ని అడగాలన్నదే నా బెంగ.

స్టిక్కర్లు కోసే సిల్హౌట్, క్రికట్ మెషీన్లలో బ్లేడు తీసి పెన్ను పెట్టుకోవచ్చు. ఎత్తడం, దించడం చాలా చురుగ్గా చేస్తాయి. కాగితాన్ని రోలర్లు ముందుకీ వెనక్కీ లాగుతాయి కాబట్టి మందపాటి చేతికాగితం పెట్టడానికి మనసొప్పలేదు. పైగా వాళ్ల సాఫ్ట్‌వేర్ చెప్పిందే వేదం. ఇప్పటికే ఇంట్లో ఒకటి ఉన్నవాళ్లు మాత్రం ఇంకేదీ కొనక్కర్లేదు, దాంతోనే మొదలుపెట్టొచ్చు.

గోడకు రెండు మోటార్లు బిగించి, తాళ్లతో పెన్నును వేలాడదీసే రకం ఇంకోటి ఉంది. మేకలాంజెలో ఆ కోవలోదే. అన్నిటికంటే చవక, అన్నిటికంటే పెద్ద బొమ్మ. హాల్లో సీలింగ్ ఫ్యాన్ వేస్తే పెన్ను ఊగుతుంది. అద్దె ఇంట్లో గోడకు మేకులు కొడితే ఓనరు ఊరుకోరు. పెన్ను లేచి దిగిన ప్రతిసారీ ఆ వేలాడే పెట్టె కాస్త కదులుతుంది కనుక ఐదు వేల చుక్కల బొమ్మ దీనికి పెట్టకూడదు. పొడవాటి గీతల బొమ్మలకైతే బ్రహ్మాండం.

పాత హెచ్‌పీ ప్లాటర్ల మీద మనసు లాగింది, ఒప్పుకోవాలి. వాటి పెన్నులు దొరకడమే కష్టం. అంతటితో ఆ ఆలోచన వదిలేశా.


డిసెంబర్ మొదట్లో

ఆఫీసు స్నేహితుడి దగ్గర ఎండర్ 3 త్రీడీ ప్రింటర్ ఉంది. శని, ఆదివారాలకు తెచ్చుకున్నా. నాజిల్ పక్కన పెన్ను క్లిప్పు బిగిస్తే అది ప్లాటర్ అయిపోతుంది. అదనపు ఖర్చు దాదాపు సున్నా.

7 బై 5 ముగ్గు అద్భుతంగా వచ్చింది. గీతలో వణుకు లేదు, మలుపులు గుండ్రంగా ఉన్నాయి. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, ఒక మూల వేలితో తట్టి, "ఏమే, చుక్క మీంచి గీత పోతే అది మెలికల ముగ్గెలా అవుతుందే?" అంది. నిజమే, ఒక చుక్క దగ్గర కాగితం జరిగి గీత దాన్ని తాకింది. కాగితాన్ని నాలుగు పక్కలా టేపు వేసి మళ్లీ గీయించాం.

తర్వాత చుక్కల బొమ్మ పెట్టాను. ఇక్కడే అసలు విషయం బయటపడింది. ఈ ప్రింటర్లో పెన్ను లేవాలంటే అడ్డకమ్మీ మొత్తం మర తిరిగి పైకి రావాలి. ఆ దిశలో దాని వేగం సెకనుకు 5 మి.మీ. మించకుండా ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి ప్రోగ్రాం) కట్టేసి ఉంచుతుంది. రెండు మి.మీ. పైకి, రెండు కిందికి అంటే దానికే 0.8 సెకన్లు. పక్క చుక్కకు వెళ్లే సమయం కూడా వేసుకుంటే చుక్కకు ఒక సెకను. ఐదు వేల చుక్కలకు గంటా ఇరవై నిమిషాల పైమాటే. చిన్న సర్వోతో ఎత్తే మెషీన్లో ఇదే పని చుక్కకు అర సెకనులో అయిపోతుంది, మొత్తం నలభై నిమిషాల చిల్లర.

సమయం పోతే పోయింది. ఇంకో చిక్కు ఉంది. మర మీద దిగే పెన్ను ఎక్కడ ఆగాలో నంబరు చెబితే అక్కడే ఆగుతుంది. కాగితం ఒక మూల అర మి.మీ. ఎత్తుగా ఉంటే అక్కడ పెన్ను మొన నలిగిపోతుంది, పల్లంగా ఉంటే చుక్క పడదు. పిగ్మెంట్ లైనర్ (సన్న మొన ఇంకు పెన్ను) మొన ఒకటి ఇలాగే బలైంది. స్ప్రింగు పెట్టిన క్లిప్పుతో కొంత నయం. మొత్తం మీద ముగ్గులకు పాస్, చుక్కలకు ఫెయిల్.


డిసెంబర్ మూడో వారం

నిర్ణయం అయింది. సొంతంగా కడుతున్నా. ఎ4 సైజు, చెయ్యి చాపినట్టు ముందుకొచ్చే అమరిక, సర్వో ఎత్తేది, బరువుతో దిగేది. నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్న ఫోర్‌ఎక్సైడ్రా డిజైన్ దీనికి ఆధారం. రెండు మోటార్లూ రెండు చివర్ల కదలకుండా ఉంటాయి. ఒకే బెల్టు వాటి మధ్య చుట్టుకుని తిరుగుతుంది. రెండూ ఒకే వైపు తిరిగితే పెన్ను ఒక దిశలో, ఎదురెదురుగా తిరిగితే రెండో దిశలో కదులుతుంది. కదిలే భాగంలో మోటార్ల బరువు ఉండదు కాబట్టి మలుపుల దగ్గర మెషీన్ ఊగదు.

ఎ3 ఎందుకు వద్దన్నానో కూడా రాస్తున్నా, తర్వాత నాకే అనుమానం రాకుండా. పెన్నును మోసే రాడ్డు వంపు, పొడవు ఘనానికి అనుపాతంగా పెరుగుతుంది. పొడవు ఒకటిన్నర రెట్లు చేస్తే అదే బరువుకు వంపు మూడు రెట్లు దాటుతుంది. 8 మి.మీ. రాడ్డుతో ఎ4 వరకు నిశ్చింత. ఎ3 కావాలంటే లీనియర్ రైలుకు (గట్టి ఉక్కు పట్టాకు) వెళ్లాలి, ఖర్చు పెరుగుతుంది.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో రాడ్లు, లీనియర్ బేరింగులు తీసుకున్నా. రాడ్డును కొట్టులోనే గాజు షోకేసు మీద దొర్లించి చూడాలి. వంకర ఉంటే కింద వెలుతురు మిణుకుతుంది. కొట్టాయన విసుక్కోలేదు, రోజూ ఇలాంటివాళ్లను చూసే ఉంటాడు. కోఠీ గుజరాతీ గల్లీలో మెషీన్‌ను నడిపే ఆర్డినో ఉనో బోర్డు, దాని మీద కూర్చునే సీఎన్‌సీ షీల్డు, మోటార్లకు కరెంటు అందించే డ్రైవర్లు, 12 వోల్టుల పవర్ సప్లై, ఎంజీ90 సర్వో. నెమా 17 మోటార్లు, జీటీ2 బెల్టు, పుల్లీలు ఆన్‌లైన్‌లో. ప్లాస్టిక్ భాగాలు అదే స్నేహితుడి ప్రింటర్లో. మొత్తం పది వేల లోపే.


డిసెంబర్ చివర

బిగింపు సులువుగానే అయింది. లెక్క కూడా సూటిగా ఉంది. మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు, ఒక్కో స్టెప్పునూ 16 ముక్కలు చేస్తే 3200. 20 పళ్ల పుల్లీ మీద 2 మి.మీ. పళ్ల బెల్టు చుట్టుకు 40 మి.మీ. లాగుతుంది. 3200ని 40తో భాగిస్తే మి.మీ.కు 80 స్టెప్పులు. 0.3 మి.మీ. గీతకు ఇది కావలసినదానికంటే ఎక్కువే. స్టెప్పుల సంఖ్య చూసి మెషీన్ కొనొద్దని అందుకే అంటున్నా.

సర్వో దగ్గరే పని ఉంది. ఉనోలో మోటార్లను నడిపే జీఆర్‌బీఎల్ ఫర్మ్‌వేర్, స్పిండిల్ (కోత యంత్రాల్లో పనిముట్టును తిప్పే మోటారు) కోసం ఇచ్చే సిగ్నల్ సెకనుకు దాదాపు వెయ్యిసార్లు కొట్టుకుంటుంది. హాబీ సర్వోకు కావలసింది యాభై. అందుకని సర్వో కోసం సవరించిన జీఆర్‌బీఎల్ వేయాలి. అందులో 16 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 1024తో, మళ్లీ 256తో భాగిస్తే 61 వస్తుంది, సర్వో దానికి ఒప్పుకుంటుంది. కాకపోతే అలా చేసినప్పుడు సిగ్నల్ పొడవును మార్చగలిగే ఒక్కో మెట్టు 64 మైక్రోసెకన్లు అవుతుంది. సర్వో ఒక కొస నుంచి ఇంకో కొసకు తిరగడానికి సిగ్నల్ పొడవు మారేది ఒక మిల్లీసెకను మేరే, అందులో పట్టేది పదహారు మెట్లే. సర్వోతో పెన్నును కాగితం మీదికి నొక్కే డిజైన్ అయితే ఈ పదహారు మెట్లు చాలవు, ఒక మెట్టుకు గీత పడదు, తర్వాతి మెట్టుకు మొన నలుగుతుంది. బరువుతో దిగే డిజైన్‌లో సర్వోకు తెలియాల్సింది ఎత్తు, వదులు అన్న రెండే. నవంబర్లో నచ్చిన ఆ ఒక్క లక్షణం ఇక్కడ డబ్బు కూడా మిగిల్చింది. అంతకంటే ఖరీదైన బోర్డు అవసరం పడలేదు.

కట్టుకునేవాళ్ల కోసం ఇంకో రెండు మాటలు. సీఎన్‌సీ షీల్డు మూడో వెర్షన్ మీద సర్వో సిగ్నల్ తీగ పెట్టాల్సింది జెడ్ లిమిట్ అని ముద్రించిన పిన్నుకు. షీల్డు పాత జీఆర్‌బీఎల్ కోసం చేసింది, తర్వాత పిన్నులు అటూ ఇటూ మారాయి. సర్వోకు 5 వోల్టులు ఆర్డినోలోంచి తీసుకోకుండా, 12 వోల్టుల నుంచి విడిగా, వోల్టేజీ తగ్గించే ఎల్ఎం2596 బక్ కన్వర్టర్‌తో ఇవ్వండి. పెన్ను లేచినప్పుడల్లా బోర్డు రీసెట్ అయ్యే గొడవ ఉండదు.

మొదటి రాత్రి నడిపినప్పుడు ఎ4988 డ్రైవర్లు సన్నగా కీచుమన్నాయి. పొద్దున లిఫ్టులో పక్క ఫ్లాట్ ఆంటీ "రాత్రి మీ ఇంట్లో ఏంటమ్మా ఆ చప్పుడు, మిక్సీ పాడైందా?" అని అడిగారు. టీఎంసీ2209 డ్రైవర్లు వేశాక సర్వో టకటక తప్ప ఇంకేమీ వినపడట్లేదు. ఫ్లాట్లలో ఉండేవాళ్లు మొదటే ఇవి కొనుక్కోవడం మేలు.


జనవరి, సంక్రాంతి ముందు

బొమ్మ తయారీ ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో. తర్వాత వీపైప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తుంపులుగా ఉన్న గీతలను కలుపుతుంది, పెన్ను గాల్లో తిరిగే దూరం తగ్గేలా వరస మారుస్తుంది. చుక్కల బొమ్మకు ఈ వరస మార్చడం తప్పనిసరి. లేకపోతే పెన్ను ఈ మూల చుక్క పెట్టి ఆ మూలకు పరిగెడుతుంది.

పెన్నుల దగ్గరికి వస్తే, బరువుతో దిగే పద్ధతికి ఒక మెలిక ఉంది. పిగ్మెంట్ లైనర్లకు పెన్ను సొంత బరువే చాలు. పిగ్మా మైక్రాన్ 01 అంటే 0.25 మి.మీ., 05 అంటే 0.45 మి.మీ. నా 20 మి.మీ. ముగ్గుకు 05 నిండుగా ఉంది. బాల్ పెన్నుకు మాత్రం ఒత్తిడి కావాలి, లేకపోతే గీత మధ్యలో తెగుతుంది. హోల్డర్ మీద ఐదు రూపాయల బిళ్లలు టేపుతో అంటించి బరువు పెంచాను. ఒక్కో పెన్నుకు ఎన్ని బిళ్లలో హోల్డర్ పక్కనే రాసిపెట్టా. రెడీమేడ్ మెషీన్లో అయినా ఇది ముందే చూసుకోవాలి. బరువు మార్చుకునే చోటు ఉందా లేదా?

ముగ్గు అంటే తెల్లగీత ఉండాలి. యూనిబాల్ సిగ్నో తెల్ల జెల్ పెన్ను, జాజు రంగు మందపాటి కాగితం. జెల్ ఇంకు మెల్లగా దిగుతుంది, సెకనుకు 40 మి.మీ. వేగంలో గీత పలచబడి చుక్కలు చుక్కలుగా వచ్చింది. 15కు తగ్గిస్తే పిండి ముగ్గంత నిండుగా పడింది. సెకనుకు ఎన్ని సెంటీమీటర్లు అని గొప్పగా ప్రకటించే మెషీన్ల వేగం నాకు ఎందుకూ పనికిరాదని ఇక్కడ తేలిపోయింది.

గీత మొదలై ముగిసే చోటు ఒకటే కావడం వల్ల అక్కడ ఇంకు బొట్టు కడుతోంది. గీతను మొదటిదాని మీద రెండు మి.మీ. ఎక్కించి, పెన్ను కదులుతుండగానే లేచేలా పెడితే బొట్టు తగ్గింది. అతుకు చోటును మెలికలు దగ్గరగా కలిసే చోటికి మార్చాను, అక్కడ అంతగా కనబడదు. అమ్మ వెతికి పట్టుకుంది, అది వేరే సంగతి.

6 బై 4 ముగ్గులో రెండు విడి గీతలు వస్తాయి కనుక ఒకటి తెలుపు, ఒకటి పసుపు. పెన్ను మార్చినప్పుడు మొన అదే చోట పడాలి. హోల్డర్లో పెన్ను రెండు వైపులా ఆనేలా వీ ఆకారపు గాడి ఉంటే లావుపాటి పెన్నయినా, సన్నదైనా నడుమ గీత మీదే కూర్చుంటుంది, మొన ముందుకో వెనక్కో కొద్దిగా జరుగుతుందంతే. ఆ తేడాను ప్రతి పెన్నుకూ ఒకసారి కొలిచి ప్రోగ్రాంలో సరిచేసుకున్నా.


జనవరి చివర

తెలుగు అక్షరాలు. కంప్యూటర్ ఫాంటులో ఉండేది అక్షరం అంచు. ప్లాటర్ ఆ అంచునే గీస్తుంది, దాంతో ప్రతి అక్షరం బోలుగా వస్తుంది. ఇంగ్లిష్‌కు ఈ సమస్య ఎప్పుడో తీరింది. అలెన్ హెర్షీ అనే శాస్త్రవేత్త అమెరికా నేవీ లేబొరేటరీలో 1967లోనే ఒంటి గీత అక్షరాలు తయారుచేశారు, ఇంక్‌స్కేప్‌లో అవి ఇప్పటికీ ఉన్నాయి. తెలుగుకు నేనే గీసుకుంటున్నా. చేత్తో రాసిన అక్షరాన్ని స్కాన్ చేసి, దాని నడుమ గుండా ఒంటి గీత తీయడమే పద్ధతి. గుండ్రటి లిపి కాబట్టి ప్లాటర్ చేతిలో చాలా అందంగా వస్తుంది. తలకట్టు కోసం ఒకసారి, వత్తు కోసం ఇంకోసారి పెన్ను లేవాలి కనుక ఒక పద్యం రాయిస్తే సర్వోకు చేతినిండా పని. 0.25 మి.మీ. మొనతో అక్షరం ఎత్తు 7 మి.మీ. కంటే తగ్గిస్తే వత్తులు పూడుకుపోతున్నాయి.

ఇంట్లో రాజమండ్రి రత్నం పెన్ను ఒకటి ఉంది, నాన్నది. దాంతో రాయించాలంటే 45 డిగ్రీల హోల్డర్ కావాలి. డ్రాయింగ్ అయింది, ప్రింటు కావాలి. పాళీ మీద బిళ్లల బరువు మాత్రం పెట్టను, నాన్న ఊరుకోరు.

ప్రస్తుతానికి మెషీన్ పరిస్థితి: పిగ్మెంట్ లైనరుకు సెకనుకు 40 మి.మీ., తెల్ల జెల్‌కు 15. పెన్ను దిగాక ఆగే సమయం 0.15 సెకను. చెయ్యి పూర్తిగా చాపినప్పుడు చివర కాస్త వంగుతోంది, పెన్ను బరువుతో దిగడం వల్ల గీతలో అది కనబడట్లేదు. సర్వో కొమ్ము (పెన్నును ఎత్తే చిన్న చెయ్యి) అరిగితే మార్చడానికి ఇంకోటి డబ్బాలో ఉంది. ఐదు వేల చుక్కల బొమ్మ ఆదివారం పెడుతున్నా. కాగితం ఇప్పటికే కోసి, బల్లకు టేపు వేసేశాను.